నెయ్యి ముట్టని పూట

బంతి నొక్కమంటే నొక్కుతున్నాను, వదలమంటే వదులుతున్నాను. ఎర్ర రబ్బరు బంతి, నాకు ముందు ఎందరు పిండారో, రంగు పోయి మెత్తబడిపోయింది. కుడి మోచేతి మడతలో సూది, సూది మీద తెల్ల పట్టీ, పట్టీ కిందినుంచి నా నెత్తురు సన్నటి గొట్టంలో పడి మంచం పక్కనున్న మిషన్లోకి పోతోంది. అక్కడ గిర్రున తిరిగి పసుపుపచ్చటి నీరు ఒక సంచిలోకి, ఎర్రది మళ్ళీ నా ఒంట్లోకి. ఇందులో వింతేముంది, మా ఊరి పాల కేంద్రంలో వెన్న తీసే మిషను చేసేదీ ఇదే కదా, పాలు పోస్తే గిర్రున తిరిగి మీగడ ఒక మూతిలోంచి, పలచటి పాలు ఇంకో మూతిలోంచి. పెళ్ళయిన మరుసటేడు నుంచీ పాకాల పక్కన ఆ కేంద్రంలోనే కూర్చుంటున్నాను, ఊరి పాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి, ఎవరి పాలలో వెన్న ఎంతో, ఎవరి పాలలో బోరింగు నీళ్ళెన్నో నాకు తెలుసు, అందుకే ఊళ్ళో సగంమందికి నేనంటే పడదు. ఇవాళ నేనే పాలనయి పడుకున్నాను. ఆ మాట అనుకోగానే నవ్వొచ్చింది, నవ్వితే చెయ్యి కదిలింది, చెయ్యి కదిలితే మిషను కుయ్యిమంది. జెస్సీ పరుగెత్తుకొచ్చింది. ఈ మిషను నడిపే పిల్ల తను, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ, కాళ్ళకు చప్పుడు చెయ్యని చెప్పులు. "నవ్వల్లంటే అయిపోయినాక నవ్వుదువులే అక్కా, ఇప్పుడు గమ్మునుండు" అంది. ఉంటానమ్మా. గమ్మున ఉండటం నాకొకరు నేర్పాలా.

పై అంతస్తులో సుజన ఉంది. నా మరిది ధనశేఖర్ భార్య, నాకు తోడికోడలు, ఇంకా చిన్నపిల్ల. తిరుపతిలో ఈ ఆసుపత్రిలోనే మగబిడ్డను కన్నది, అందరం నోళ్ళు తీపి చేసుకున్నాం, పురిటి స్నానమన్నా కాకముందే ఒంటి మీద ఊదారంగు మచ్చలు లేచాయి, మాట తడబడింది, నీళ్ళు తాగించబోతే నా మొహంలోకి చూసి "ఎవురు నువ్వు" అంది. అక్కా అక్కా అని నా వెనకే తిరిగే పిల్ల. పెద్ద డాక్టరు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పాడు, నెత్తుట్లో ఎర్రది పోగా పసుపుపచ్చటి నీరొకటి ఉంటుందట, దాన్ని ప్లాస్మా అంటారట, సుజనకు ఆ నీరే చెడి ఒళ్ళంతా కంటికి ఆనని గడ్డలు కడుతున్నాయట, చెడ్డ నీరు తీసేస్తూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ నీరు ఎక్కిస్తూ పోవాలట, ఒకరోజుతో తెమలదు, తేరుకునేదాకా రోజూ. ఆలస్యమైతే మెదడుకో మూత్రపిండాలకో దెబ్బ, ఆ తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. నేను తల ఊపాను, క్యానులో పాలు విరిగితే పారబోసి, కడిగి, మంచి పాలు పోస్తాం, అర్థం కానిదేముంది. చిక్కంతా మంచి పాలు ఎక్కడినుంచి తేవాలన్నదే. ఆ పిల్ల గ్రూపుకు పనికొచ్చే సంచులు బ్లడ్ బ్యాంకులో అడుగంటాయి. శ్రీ సిటీ కంపెనీలో షిఫ్టు వదిలేసి వచ్చిన ధనశేఖర్ బండేసుకుని తిరుపతిలోని బ్యాంకులన్నీ తిరిగాడు, దొరికిన కాసిన్నీ మొన్నటితో సరిపోయాయి, గడ్డం మాసి, కళ్ళు ఎర్రబడి, కనబడిన ప్రతివాణ్ణీ నీదేం గ్రూపప్పా అని అడుగుతూ తిరుగుతున్నాడు.

బంతి నొక్కు. వదులు. ముందు చెయ్యి చాచింది అన్నదమ్ములే, ఇద్దరివీ కుదరలేదు. మా ఆయన మునిశేఖర్‌ది 'ఓ' గ్రూపు. ఎవరికైనా ఇవ్వొచ్చని ఏదో క్యాంపులో చెప్పిన నాటినుంచి ఆయనకది బిరుదయిపోయింది. నాది ఏబీ అని తెలిసినప్పుడు అరుగు మీద కూర్చుని ఊరందరికీ చెప్పాడు, "మా ఇంటిది అందరి కాడా తీసుకునే రకమబ్బా, ఒకరికిచ్చే రకం గాదు." వేళాకోళమే, మనిషి మంచివాడే, ఇన్నేళ్ళలో బిడ్డల మాట ఎత్తి నన్ను ఒక్కమాట అన్నది లేదు, కానీ ఆ మాట చాటున నవ్వేవాళ్ళందరూ నవ్వుకున్నారు, ఇచ్చేది లేదు ఈ ఆడదానికి, ఇంటికో బిడ్డను కూడా ఇవ్వలేదని. ఇక్కడికొచ్చాక జెస్సీ చెప్పింది, ఎర్రదానికి ఒక లెక్క, పచ్చనీటికి దానికి ఎదురు లెక్క, ఏబీ వాళ్ళ నీరు ఎవరికైనా ఎక్కుతుంది, ఓ వాళ్ళది ఓ వాళ్ళకే. మా ఆయన మొహం అప్పుడు చూడాలి. బిరుదు పోయినందుకు కాదు పాపం, నా వైపు చూసి తల దించుకున్నాడు.

అప్పుడు ముందుకొచ్చింది మా అత్త దేవకమ్మ. చెంగు నడుముకు బిగించింది, జాకెట్టు చెయ్యి పైకి లాక్కుంది. "నాది తీసుకో పాపా. ముగ్గుర్ని కన్న ఒళ్ళు ఇది, నెత్తురుకేం కొదవ ల్యా." ఆ గొంతులో దర్పం నాకు కొత్త కాదు, పాలు పొయ్యడానికి వచ్చిన ఆడవాళ్ళ మధ్య కూర్చుని తన కాన్పుల కథలు చెప్పేటప్పుడు అదే గొంతు. జెస్సీ ఆమె చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పింది, నీకు వయసూ దాటిందవ్వా, అదీగాక బిడ్డల్ని మోసినోళ్ళది దీనికి మేం తీసుకోం, కడుపుతో ఉన్న ఆడదాని నెత్తుట్లో ఒక్కోసారి ఏవో పుడతాయి, ఆమెకేం కాదు గానీ ఎక్కించుకున్నోళ్ళ ఊపిరితిత్తులకు పడవు. మా అత్త చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. జన్మలో మొదటిసారి బిడ్డల్ని కన్నందుకు ఆమెను ఒకరు వద్దన్నారు, అది ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కనున్న నన్ను చూసింది. తర్వాత జెస్సీ నన్ను తెర చాటుకు పిలిచి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, ఎప్పుడన్నా కడుపు నిలిచిందా? నిలిచి పోయినా సరే, దాచొద్దు."

ఈ ఒక్క ప్రశ్న నన్ను ఎందరడిగారు. బస్సులో పక్కన కూర్చున్న మనిషి టికెట్టు తీసుకోకముందే అడిగేది, వాడలో కోడళ్ళు అడిగేవాళ్ళు, కాళహస్తిలో రాహుకేతు పూజకు కూర్చున్నప్పుడు అయ్యవారు మైకులో వినబడేలా అడిగాడు, చిత్తూరులో ఆడడాక్టరు తల ఎత్తకుండా అడిగింది. ప్రతిసారీ లేదు అన్నాను, అనగానే వాళ్ళ చూపు నా మొహం మీదినుంచి జారి పొట్ట మీద ఆగేది, ఆ తర్వాత అయ్యో అన్నా అనకపోయినా ఒకటే. ఈసారీ అదే చూపు కోసం ఒళ్ళు బిగబట్టి లేదమ్మా, ఒక్కసారీ లేదు అన్నాను. నిజమేగదా అంది. నిజమే. "అయితే నువ్వే కావల్ల మాకు" అంది జెస్సీ. నువ్వే కావల్ల. నాకది బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది, పాలు పోసినవాళ్ళు రసీదు కోసం నిలబడినట్టు అలాగే నిలబడ్డాను, లోపల ఏదో గిర్రున తిరిగింది, ఏడుపు కాదు, కోపమూ కాదు, ఇన్నేళ్ళూ ఏ మాటతో నన్ను బయట నిలబెట్టారో ఆ మాటతోనే ఒకరు లోపలికి రమ్మన్నారు. తెర పక్కకు జరిపితే అవతల మా అత్త నిలబడే ఉంది. విన్నది.

మిషను ఇప్పుడు ఎర్రది వెనక్కి పంపుతోంది, చేతిలోకి చల్లగా ఎక్కుతోంది, భుజందాకా ఆ చల్లదనం తెలుస్తోంది. సంచి నా తల వెనక్కి వేలాడుతోంది, నాకు కనబడదు. ఏ రంగులో ఉందో అడగాలనుంది, అడగడానికి భయం, ఎందుకంటే నిన్న నా నెత్తురు వద్దన్నారు. తప్పు నాదీ కాదు, ఎవరిదీ కాదు, ప్రేమది. నిన్న మధ్యాహ్నం మా అత్త, ఆసుపత్రి ఎదుట మేం బాడుగకు తీసుకున్న గదిలో, చిన్న స్టవ్వు మీద నాటుకోడి పులుసు పెట్టింది, సంగటి కెలికింది, నన్ను పీట మీద కూర్చోమంది. ఆ ఇంటికొచ్చిన నాటినుంచి వడ్డించేది నేను, ఆమె చేత్తో నాకు వడ్డించిన రోజు లేదు. సంగటి ముద్దలో గుంత చేసి అందులో నెయ్యి పోసింది, గరిటెతో కాదు, గిన్నె వంచి. "తిను మే. నెత్తురు ఇచ్చేదానివి, ఒంట్లో బలముండల్ల. ఇంకొంచెం ఏస్తా." వద్దనలేదు. ఎందుకంటాను, ఇన్నేళ్ళకు దొరికిన ముద్ద అది, అంతా తిన్నాను, కారం కాదు గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పులుసు కారమత్తా అన్నాను. సాయంత్రం జెస్సీ నా చేతినుంచి కొంచెం నెత్తురు తీసి తిప్పి చూసి, గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుంది. ఎర్రటి అడుగు మీద పసుపుపచ్చగా తేలాల్సిన నీరు తెల్లగా, చిక్కగా, గేదె పాలలా ఉంది. "ఏం తిన్నావక్కా నువ్వు" అంది. నెయ్యి. ఎక్కువ కొవ్వుంటే ఆ నీరు పనికిరాదట, మనిషికి ఎక్కించరట, పారబొయ్యడమే, పొద్దున రమ్మంది, ఈలోగా నూనె, నెయ్యి, మాంసం, పాలు ముట్టొద్దంది. వెన్న ఎక్కువుంటే ధర ఎక్కువని ఊరందరికీ చెప్పే నోరు నాది, ఇక్కడ నా నెత్తుట్లో వెన్న ఎక్కువైందని వెనక్కి పంపారు. దీనికి నవ్వాలో ఏడవాలో చెప్పేవాళ్ళు లేరు.

బయటికొచ్చేసరికి వరండా చివర మా అత్త గొంతు, ధనశేఖర్‌తో అంటోంది, "దాని నెత్తురు గూడా సరిగా ల్యాదంట నాయనా." అది అన్నది నన్ను బాధపెట్టడానికి కాదు, ఆమె దిగులు ఆమెది, కానీ ఆ 'గూడా' ఉంది చూడండి, ఆ ఒక్క మాటలో నా కాపురమంతా ఉంది. గొడ్డొచ్చిన వేళ, బిడ్డొచ్చిన వేళ అంటారు, నేను ఆ ఇంట్లో కాలుపెట్టిన ఏడే బావి ఎండింది, ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోయింది, అవన్నీ ఆ ఇంటి గోడల మీద నా పేరుతోనే ఉన్నాయి. మా ఆయన అప్పుడు గట్టిగా అన్నాడు, "అమ్మా, దాని నెత్తురుకేం కాల్యా. నువ్వు పోసిన నెయ్యి అది." ఆమె మొహం మాడిపోయింది. ఇంతకాలానికి ఆమె నాకు పెట్టిన ఒక్క ముద్దే ఆమె చిన్నకోడలికి ఒక రోజు నష్టం చేసింది. నాకు ఆమె మీద కోపం రావాలి, రాలేదు, ఆమె పక్కన కూర్చోవాలనిపించింది, కూర్చోలేదు. నిన్న రాత్రి ఉప్పు వేసిన గంజి తాగాను. పొద్దున రెండిడ్లీలు ఉత్తవి తిన్నాను, చట్నీ వంక చూడలేదు. పొద్దున తీసిన గొట్టంలో నీరు తేటగానే ఉంది గానీ కొంచెం మసక ఉన్నట్టుందని జెస్సీ డాక్టర్ని పిలిచింది, ఆయన అటూ ఇటూ తిప్పి చూసి కానియ్యమన్నాడు. ఆ కొంచెం మసక ఇప్పుడు నా తల వెనక సంచిలో ఎంత అయిందో.

బంతి నొక్కు. నొక్కుతున్నాను. ఎడమ చేతికి గాజులున్నాయి, కుడి చేతివి తీయించారు, తీసిన గాజులు నా పక్కన దిండు మీద ఉన్నాయి, వాటిని చూడకూడదనుకున్నకొద్దీ కన్ను అటే పోతోంది. గాజులు. సుజన సీమంతానికి నేను తిరుపతి వచ్చి గాంధీరోడ్డులో ఏరి ఏరి కొన్నాను, నెమలికంఠం రంగు, మీద బంగారు చుక్కలు, అంత ముద్దొచ్చే గాజులు ఆ అంగట్లో ఇంకో డజను లేవు. ఆరోజు పొద్దున మా అత్త వంటింటి గడపలో నిలబడి నా వైపు చూడకుండా చెప్పింది, "ప్రసన్నా, నువ్వు చిత్రాన్నాలు సూడు మే. గాజుల కాడికి రావద్దులే. నలుగురు నాలుగంటారు, నేను పడల్ల." సరే అత్తా అన్నాను. పులిహోర, నిమ్మకాయన్నం, కొబ్బరన్నం, నువ్వులన్నం, పెరుగన్నం, చక్కెర పొంగలి, అన్నీ నా చేత్తోనే, నా చేతి వంటకు దోషం లేదు, గాజులు తొడిగితేనే దోషం. అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు ఆరోజు గిన్నెలన్నీ నా చేతిలో మోగాయి. హాల్లో పాట, నవ్వులు, గాజుల గలగల, నేను పోపు పెట్టాను. చుట్టాలంతా పోయాక సందెవేళ సుజన వంటింట్లోకి వచ్చింది, మోచేతులదాకా గాజులతో, ఆయాసపడుతూ, తలుపు దగ్గరగా వేసి రెండు చేతులూ చాచింది.

"నీ గాజులు కావల్ల అక్కా. ఎవురూ ల్యారు, ఎయ్యి."

"అత్త సూస్తే?"

"సూస్తే నేనే ఎత్తుకోని ఏసుకున్న్యానని చెప్తా."

చేతులు నీరుపట్టి ఉబ్బి ఉన్నాయి. సబ్బు రాసి, ఎముక దగ్గర మెల్లగా తిప్పి, నొప్పి తెలియకుండా ఒక్కొక్కటే ఎక్కించాను, పచ్చవాటి మధ్యన నా నెమలిరంగువి ఎవరికీ తెలియకుండా కలిసిపోయాయి. కడుపులో బిడ్డ తన్నితే నా చెయ్యి తీసి అక్కడ పెట్టింది. అదొక్కటే, అంతకంటే ఏమీ జరగలేదు. ఆ తర్వాత కాన్పు, ఆ తర్వాత మచ్చలు, ఆ తర్వాత ఎవురు నువ్వు. ఆ మాట విన్న క్షణంలో నా మనసులో లేచింది దిగులు కాదు, ముందు భయం, నా చెయ్యి తగిలిందనే భయం. ఊరంతా అన్నది ఇన్నేళ్ళు నమ్మనిదాన్ని ఆ పూట నమ్మాను. పాలు విరిగితే ఎండనో క్యానునో చూడండి, పోసినవాడి జాతకం చూడకండని పాలు పోసేవాళ్ళతో వాదించేదాన్ని, నా వంతు వచ్చేసరికి నా చేతినే అనుమానించాను. నిన్న ఐసీయూ నర్సు సుజన గాజులన్నీ తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి ఇంటివాళ్ళెవరని అడిగితే మా అత్త అందుకుంది. కవరు అటూ ఇటూ తిప్పింది. పచ్చవాటి మధ్య నెమలికంఠం. ఆ గాజుల పెట్టెను ఆమే ఆరోజు పొద్దున అటక మీద పెట్టమన్నది, ఆమెకు తెలుసు. కవరు ముడి వేసి చెంగు కింద పెట్టుకుంది, నన్నొకసారి చూసింది, అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. అడిగితే చెప్తాను. నేనే వేశానని, ఆ పిల్ల అడిగితే వేశానని, మళ్ళీ అడిగితే మళ్ళీ వేస్తానని.

పెదాలు తిమ్మిరెక్కుతున్నాయి. ముందు కింది పెదవి, ఇప్పుడు ముక్కు కొన కూడా, నాలుక మీద ఇత్తడి చెంబు నాకినట్టు రుచి. తిమ్మిరొస్తే చెప్పమంది జెస్సీ, నెత్తురు గడ్డకట్టకుండా కలిపే మందు వల్ల అట్లా అవుతుందట. చెప్తే ఆపేస్తుందేమో. చెప్పకపోతే ఇంకేమన్నా అయి మిషనే ఆగిపోతే సంచి సగంలో ఉంటుంది. మా నాయన చెంగల్రాయుడు నాకు పాలు పిండటం నేర్పిన రోజుల్లో మా ఇంట్లో తన్నే ఆవొకటి ఉండేది, ఒకసారి చెంబు తన్నితే నేను లేచి పారిపోయాను, నాయన రెక్క పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టాడు, "పొదుగు సగంలో ఒదిలితే ఆవుకీ చెడ్డ, దూడకీ చెడ్డ. భయమేస్తే మెల్లగా పిండు గానీ లేయొద్దు" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, ఆ మాట ఇప్పుడు ఈ మంచం మీద పనికొచ్చింది. జెస్సీని పిలిచాను. తిమ్మిరమ్మా అన్నాను. వేళ్ళు పట్టుకు చూసి, చప్పరించమని సుద్దలాంటి బిళ్ళలిచ్చింది, ఆపేద్దామా అక్కా అని అడిగింది.

"ఆపొద్దు. మెల్లగా తియ్యి. నాకు తొందరేం ల్యా."

మిషను వేగం తగ్గించింది. బిళ్ళలు నాలుక మీద కరిగాయి, ఇత్తడి రుచి కొంచెం వెనక్కి పోయింది. కిటికీలోంచి కొండ కనబడుతోంది, ఘాట్ రోడ్డు మీద బస్సుల అద్దాలు ఎండకు మెరుస్తున్నాయి, కింద వరండాలో కొత్త గుండ్లతో ఒక కుటుంబం ఎవరినో చూడటానికి వచ్చింది, గుండ్ల మీద గంధం ఇంకా ఆరలేదు. నేనూ ఇచ్చాను తలనీలాలు, బిడ్డ పుడితే ఇస్తానని కాదు, బిడ్డ కోసం ముందే ఇచ్చాను, రెండుసార్లు, జుట్టు మళ్ళీ పెరిగింది, అడిగింది రాలేదు. ఇది కూడా పెరుగుతుందట, ఈ నీరు, నీళ్ళూ మజ్జిగా తాగుతూ ఉంటే రేపటికే ఒళ్ళు మళ్ళీ నింపుకుంటుందట, ఎల్లుండి మళ్ళీ రావొచ్చు. కొండ మీద ఇచ్చినప్పుడు ఏదో అడిగి ఇచ్చాను. ఇప్పుడు నాకేమీ అక్కర్లేదు, ఆ పిల్ల నన్ను చూసి అక్కా అంటే చాలు. లేదు, అది కూడా అబద్ధం, అనకపోయినా ఇస్తాను. గుర్తుపట్టకపోయినా ఇస్తాను. పైన పడుకున్నది సుజన కాక ఊరూపేరూ తెలియని ఎవరి కూతురో అయినా ఈ చెయ్యి చాచేదాన్నా అని నన్ను నేనే అడిగాను, నిన్నటిదాకా ఏమో, ఇవాళ అవుననే అనిపిస్తోంది. ఒకసారి దారి తెలిశాక ఇంటి వాకిట్లోనే ఆగిపోవడం ఎందుకు. ఈ చెయ్యి ఎవరికి కీడు చేసిందో నాకు తెలియదు, ఎవరూ చూపించలేదు, మేలు మాత్రం గొట్టంలో నడిచిపోతూ కంటికి కనబడుతోంది. కనబడేదాన్ని నమ్ముతాను, పాల కేంద్రం మనిషిని, నాకు అదే అలవాటు.

మిషను పొడుగ్గా ఒక కూత పెట్టి ఆగింది. జెస్సీ సూది తీసి దూది ఒత్తి పెట్టింది, మోచెయ్యి మడవమంది. ఆపైన నా తల వెనక్కి చెయ్యి చాచి సంచి తీసింది, నేను కళ్ళు మూసుకున్నాను. చూడక్కా అంది. చూశాను. మసక లేదు, తెలుపు లేదు, మంగళస్నానానికి కలిపిన పసుపునీళ్ళలా తేటగా ఉంది, సంచి అవతల జెస్సీ వేళ్ళు కూడా కనబడుతున్నాయి. "ఎంత బాగుండాదో చూడు" అంది. వెన్న లేదు, నీళ్ళు కలవలేదు, నా జీవితంలో ఇంత మంచి సరుకు చూడలేదు. నా ఎడమ చేతికిచ్చింది ఒకసారి. గోరువెచ్చగా ఉంది, అప్పుడే పిండిన పాలెంత వెచ్చగా ఉంటాయో అంత. నాకు ఏడుపొచ్చింది, ఈసారి కారమని చెప్పడానికి పులుసు కూడా లేదు, ఏడ్చాను.

పరీక్షలన్నీ ముందే అయ్యాయి గనక పైన వాళ్ళు కాచుకుని ఉన్నారు, సంచి పెట్టిన డబ్బా ఇంటివాళ్ళే ఎత్తుకుపోయి ఐసీయూలో ఇవ్వాలి. మా ఆయన మందులకు పోయాడు, ధనశేఖర్ పైన ఉన్నాడు. జెస్సీ తలుపు తీసి దేవకమ్మ అవ్వా అని పిలిచింది. మా అత్త వచ్చింది, రాత్రంతా నిద్ర లేదు, జుట్టు రేగి ఉంది. డబ్బాలో సంచిని చూసింది. నన్ను చూసింది, ఏడ్చిన కళ్ళను, మడిచిన చేతిని, దిండు మీది గాజుల్ని. చేతులు చీరకు తుడుచుకుంది, ఎందుకో మళ్ళీ తుడుచుకుంది, డబ్బా అందుకుని పడిపోతుందేమోనని చెంగుతో చుట్టి పొట్టకు ఆనించి పట్టుకుంది. ప్రసాదం పళ్ళెం తప్ప ఇంకేదీ ఆమె అలా పట్టుకోగా నేను చూడలేదు. తలుపుదాకా పోయి ఆగింది.

"మళ్ళా ఎప్పుడియ్యచ్చంట?"

"ఎల్లుండి అత్తా. వస్తానని చెప్పినాను."

"ఇడ్లీ నేనే పోసకోనొస్తా. నూనె సుక్క తగలనీను." తల గుమ్మానికి ఆనించింది. నేను ఎదురుచూస్తున్న మాట అప్పుడొచ్చింది. "ఆ నెమలిరంగు గాజులు నువ్వేసినవేనా?"

"నేనే. అది అడిగింది, ఏసినాను."

జెస్సీ మిషను గొట్టాలు విప్పుతూ మా వైపు చూడకుండా ఉంది. మా అత్త వెనక్కి వచ్చింది, డబ్బా ఒక చేత్తో గట్టిగా పట్టుకునే రెండో చేత్తో చెంగు కిందినుంచి ఆ ప్లాస్టిక్ కవరు తీసి నా ఒడిలో పెట్టింది.

"నీ కాడ పెట్టుకో. పిల్ల లేస్తానే నువ్వే ముందు ఎయ్యల్ల" అంది, "నలుగురి ముందర" అంది, మెట్ల వైపు వెళ్ళిపోయింది. లిఫ్టు కోసం ఆగలేదు, మోకాళ్ళ నొప్పుల మనిషి, మెట్లెక్కుతున్న చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

జెస్సీ మజ్జిగ ప్యాకెట్టు ఇచ్చి, తాగాకే లేవమంది. తాగాను. కవరు ముడి గట్టిగా ఉంది, విప్పలేదు. దానికి సుజన చేతులు కావాలి.